మౌంటెన్ బైక్ పార్కు ఎంపిక: బృందంలో అందరూ ఒకేలా ఎగరలేనప్పుడు

కొండవాలు మీద ప్రత్యేకంగా తీర్చిన మట్టిబాటల్లో సైకిల్‌పై దిగి రావడానికి, దారిలో కట్టిన దిబ్బల మీదుగా ఎగిరి అవతలి వాలుపై వాలడానికి ఏర్పాటు చేసిన స్థలాలను మౌంటెన్ బైక్ పార్కులంటారు. పైకి చేరడానికి కొన్నిచోట్ల చెయిర్‌లిఫ్ట్ ఉంటుంది. కొన్నిచోట్ల సైకిళ్ళను ట్రైలర్‌పై ఎక్కించుకుని వ్యాను తీసుకుపోతుంది. మరికొన్నిచోట్ల కాలిబలమే ఆధారం. చలికాలంలో స్కీయింగ్‌తో కళకళలాడే కొండలు మంచు కరిగాక ఖాళీగా పడి ఉండకూడదన్న ఆలోచన ఈ పార్కుల విస్తరణకు ఒక ముఖ్య కారణం. సియాటిల్, వాంకూవర్, బోస్టన్, కార్డిఫ్ వంటి నగరాల పరిసరాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఇవి కొత్త విషయమేమీ కాదు. వారితోపాటు వెళ్ళవలసి వచ్చే తల్లిదండ్రులకు, సెలవులకు స్వదేశం నుంచి వచ్చే బంధువులకు మాత్రం కొత్తే.

ఒక్కరే వెళ్ళదలచినప్పుడు ఎంపిక సులభం. తన స్థాయికి తగిన బాటలు ఎక్కడున్నాయో చూసుకుంటే సరిపోతుంది. చిక్కు నలుగురైదుగురు కలిసి బయలుదేరినప్పుడు వస్తుంది. పదహారేళ్ళ కుర్రవాడు రెండేళ్ళుగా ప్రతి వారాంతం దిబ్బల మీదుగా ఎగురుతున్నాడు. అతని తండ్రికి చక్రాలు నేల విడవకుండా ఉంటే చాలు. వరుసకు బావ అయ్యే మరొకరు చిన్న జంపులు చేయగలరు, పెద్దవి చూస్తే తటపటాయిస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చిన నాలుగో వ్యక్తి రెండువందల కిలోమీటర్ల బ్రెవెలు పూర్తి చేసిన మంచి సైక్లిస్టే అయినా, చక్రం గాలిలోకి లేచిన అనుభవం లేదు. ఓర్పు, ఊపిరి, కాళ్ళ సత్తువ ఎంత ఉన్నా జంప్ చేసే నైపుణ్యం వేరే విద్య.

ఇటువంటి బృందాలు సాధారణంగా చేసే ఎంపిక ఆ ప్రాంతంలో అన్నిటికంటే పేరున్న పార్కును. పేరు వచ్చేది చాలావరకు అక్కడి అతి పెద్ద జంపుల వల్ల, వాటిపై తీసిన వీడియోల వల్ల. ఆ జంపులు బృందంలో ఒక్కరికి పనికివస్తే గొప్ప. మిగిలిన ముగ్గురి రోజు ఎలా గడుస్తుందో నిర్ణయించేది ఆ పార్కులోని మధ్యస్థాయి బాటలు. మొదటి చిన్న దిబ్బకూ పేరుమోసిన పెద్ద జంపుకూ మధ్య ఎన్ని మెట్లున్నాయి, ఆ మెట్లలో తప్పు జరిగితే ఏమవుతుంది అన్న ప్రశ్నలే పార్కు ఎంపికలో ప్రధానం.

టేబుల్‌టాప్, గ్యాప్: తేడా ఏమిటి?

జంప్ నిర్మాణంలో మూడు భాగాలుంటాయి. సైకిల్ పైకి లేచే ఎత్తు వాలు, దాని చివరి అంచు ఒకటి. దిగే వాలు ఇంకొకటి. రెండింటి మధ్యనున్న స్థలం మూడోది. ఆ మధ్యభాగాన్ని మట్టితో నింపి బల్లలా చదును చేస్తే దాన్ని టేబుల్‌టాప్ అంటారు. నింపకుండా గుంటగానో, ఖాళీగానో వదిలేస్తే అది గ్యాప్ జంప్.

చూపుకు ఈ రెండూ దాదాపు ఒకేలా ఉండవచ్చు. పొడవూ ఒకటే కావచ్చు. టేబుల్‌టాప్‌పై వేగం చాలకపోతే సైకిల్ బల్లమీదే దిగుతుంది. ఒక కుదుపు, కొంత సిగ్గు, అంతే. ఎగరడం ఇష్టం లేనివారు బ్రేకు అదుపులో పెట్టుకుని దిబ్బ ఎక్కి, బల్ల దాటి, అవతల నెమ్మదిగా దిగిపోవచ్చు. గ్యాప్ జంప్‌లో ఆ వెసులుబాటు లేదు. అంచు దాటాక అవతలి వాలును అందుకోవాలి, లేదా ముందు చక్రం ఎదుటి దిబ్బ ముఖానికి కొట్టుకుంటుంది. రైడర్ హ్యాండిల్ మీదుగా ముందుకు పడే ప్రమాదాల్లో ఈ తరహావి తరచుగా కనిపిస్తాయి.

వేగానికీ దూరానికీ ఉన్న సంబంధం తెలియకపోవడం ఇక్కడ అసలు ప్రమాదం. గాలిలో ప్రయాణించే దూరం వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. ఎగిరే అంచు 30 డిగ్రీల వాలులో ఉండి, దిగే చోటు అదే ఎత్తులో ఉందనుకుందాం. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చిన సైకిల్ సుమారు 4.25 మీటర్ల దూరంలో దిగుతుంది. గంటకు 30 కిలోమీటర్లతో వస్తే అది 6 మీటర్లు దాటుతుంది. వేగం ఐదో వంతు పెరిగితే దూరం నలభై శాతానికి పైగా పెరిగింది. దీన్నే తిరగేసి చూస్తే, ఆరు మీటర్ల గ్యాప్ దాటవలసినవాడు చివరి క్షణంలో భయంతో బ్రేకును ఒక్కసారి తాకి గంటకు 25 కిలోమీటర్లకు తగ్గితే, గమ్యానికి దాదాపు రెండు మీటర్ల ముందే కిందికి వస్తాడు. వాన కురిసి మట్టి మెత్తబడినా, ఎదురుగాలి వీచినా జరిగేది ఇదే. నిన్న సులభంగా దాటిన గ్యాప్ ఈరోజు అందకపోవచ్చు.

కనుక స్థాయీభేదాలున్న బృందం పార్కును చూసేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న, ‘ఇక్కడ జంపులెంత పెద్దవి?’ అన్నది కాకుండా ‘ఇక్కడి జంపుల్లో ఎగరకుండా దొర్లించుకుపోగలిగినవి ఎన్ని?’ అన్నది కావాలి. ఎనిమిది మీటర్ల టేబుల్‌టాప్ ఉన్న బాటలో తండ్రీకొడుకులిద్దరూ ఒకరి వెనుక ఒకరు వెళ్ళగలరు. మూడు మీటర్ల గ్యాప్ ఉన్న బాటలో వెళ్ళలేరు.

రంగులు చెప్పేది ఎంత?

బాటల కష్టాన్ని రంగులతో సూచించే పద్ధతి స్కీయింగ్ నుంచి వచ్చింది. ఉత్తర అమెరికాలో ఆకుపచ్చ వృత్తం సులభానికి, నీలి చతురస్రం మధ్యమానికి, నల్ల వజ్రం కష్టానికి, జంట నల్ల వజ్రాలు అతి కష్టానికి గుర్తులు. బ్రిటన్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అన్న వరుస నడుస్తోంది. జంపులు, కట్టిన అడ్డంకులు ప్రధానంగా ఉన్న బైక్ పార్కు తరహా బాటలకు అక్కడ నారింజ రంగు కూడా వాడతారు. కెనడాలో నీలం తర్వాత నేరుగా నలుపు వస్తుంది. బ్రిటన్‌లో ఆ రెంటి మధ్య ఎరుపు ఉంది. ఒక దేశంలో నీలం బాటలు సునాయాసంగా తొక్కినంత మాత్రాన మరో దేశపు నీలం అంతే ఉంటుందనుకోరాదు.

అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘం, సంక్షిప్తంగా ఇంబా, రూపొందించిన ప్రమాణాల్లో బాట వెడల్పు, నేల స్వభావం, వాలు, సహజమైన అడ్డంకులు, కట్టిన నిర్మాణాలు లెక్కలోకి వస్తాయి. ఇవన్నీ కలిపి ఒకే రంగుగా తేలుతాయి. రాళ్ళూ వేర్లూ నిండిన ఇరుకు బాటకూ, విశాలంగా నున్నగా ఉండి పెద్ద జంపులున్న బాటకూ ఒకే నల్ల వజ్రం రావచ్చు. మొదటిదానిలో నేర్పరి అయినవాడు రెండోదానిలో కొత్తవాడు కావచ్చు. పైగా చాలా పార్కులు తమ బాటలను తమ బాటలతోనే పోల్చి రంగులు ఇస్తాయి. రంగు ఒక వడపోతగా పనికివస్తుంది, అంతకుమించి దానిపై భారం వేయకూడదు.

రంగు కంటే నమ్మదగిన సంకేతం ఒకటి బాట మొదట్లోనే కనిపిస్తుంది. బాధ్యతగా కట్టిన జంప్ బాటల్లో తొలి పది ఇరవై మీటర్లలోనే ఆ బాట స్థాయికి తగిన అడ్డంకి ఒకటి పెడతారు. దాన్ని దాటలేనివారు ముందుకు వెళ్ళకూడదని అర్థం. అమెరికన్లు దీన్ని సరదాగా ‘స్క్విరల్ క్యాచర్’ అంటారు, అంటే ఉడుతలను పట్టే వల. వెనుదిరగడానికి వీలుగా పక్కనే దారి కూడా వదులుతారు. ఇలాంటి ముందస్తు హెచ్చరిక లేకుండా, మూడో మలుపు దాటాక హఠాత్తుగా గ్యాప్ ఎదురయ్యే పార్కు, అనుభవం తక్కువైన వారున్న బృందానికి తగదు.

విస్లర్: పేరు వెనుక ఉన్న మెట్లు

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, వాంకూవర్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న విస్లర్ బైక్ పార్కు ప్రపంచంలో అత్యంత ప్రసిద్ధి పొందిన వాటిలో ఒకటి. 2010 శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీయింగ్ పోటీలు జరిగిన పట్టణమిది. క్రాంక్‌వర్క్స్ అనే మౌంటెన్ బైక్ ఉత్సవం 2004లో ఇక్కడే మొదలైంది. పార్కు సాధారణంగా మే నుంచి అక్టోబరు వరకు తెరిచి ఉంటుంది.

విస్లర్ పేరు చెబితే రైడర్లకు ముందుగా గుర్తుకు వచ్చేది ‘ఎ-లైన్’. నల్ల వజ్రం స్థాయి బాట ఇది. వరుసగా పెద్ద టేబుల్‌టాప్‌లుంటాయి. ప్రపంచంలోని ఎన్నో పార్కులు దీని నమూనాను అనుసరించాయి. అయితే కలగలుపు బృందానికి విస్లర్ పనికివచ్చేది ఎ-లైన్ ఒక్కదాని వల్ల కాదు, దాని కింద ఉన్న మెట్ల వల్ల. ‘ఈజీ డజ్ ఇట్’ ఆకుపచ్చ బాట. బ్రేకులు, మలుపులు, శరీర భంగిమ అలవాటు చేసుకోవడానికి సరిపోతుంది. ‘బి-లైన్’ నీలం. ఎత్తైన మలుపుగోడలు, చిన్న చిన్న దిబ్బలతో సాగుతుంది. అక్కడినుంచి ‘క్రాంక్ ఇట్ అప్’. ఇదీ నీలమే, కాని ఇందులో నిజమైన టేబుల్‌టాప్‌లు వరుసగా వస్తాయి. ఎ-లైన్‌కు ముందు చదవవలసిన వాచకం ఇదే అనవచ్చు. ఎ-లైన్ దాటాక ‘డర్ట్ మర్చంట్’, అంతకు మించి ‘క్రాబాపిల్ హిట్స్’ వంటివి ఉన్నాయి.

గమనించవలసిన మరో సంగతి, ఈ తొలి నాలుగు బాటలూ గ్రామం నుంచి లేచే ఫిట్జ్‌సిమన్స్ చెయిర్‌లిఫ్ట్ పరిధిలోనే ఉన్నాయి. నలుగురు ఒకే లిఫ్టులో పైకి వెళ్ళి, నాలుగు దారుల్లో దిగి, కింద మళ్ళీ ఒకేచోట కలుసుకోవచ్చు. ఈ సౌకర్యం విలువ అనుభవించినవారికే తెలుస్తుంది. లేనిచోట రోజులో సగం ఒకరికోసం ఒకరు ఎదురుచూడటంలోనూ, ఫోన్ సిగ్నల్ వెతుక్కోవడంలోనూ గడిచిపోతుంది.

గాయాల విషయంలోనూ విస్లర్ నుంచే పనికివచ్చే సమాచారం లభిస్తోంది. 2009 సీజన్‌లో ఈ పార్కులో గాయపడి స్థానిక ఆరోగ్య కేంద్రానికి వచ్చినవారి వివరాలను వైద్యులు పరిశీలించి 2012లో ప్రచురించారు. వచ్చినవారు దాదాపు 900 మంది. అత్యధికులు యువకులు. సుమారు 600 ఎముకలు విరిగిన ఉదంతాలు నమోదు కాగా, వాటిలో నాలుగింట మూడు వంతులు భుజం నుంచి వేళ్ళ వరకు ఉన్న భాగాల్లోనివి. పడేటప్పుడు అసంకల్పితంగా చేతులు ముందుకు చాచడం వల్ల మణికట్టు, ముంజేయి, కాలర్ ఎముక దెబ్బతింటాయి. తలకు గాయాలైనవారూ తక్కువేమీ కాదు. ముఖమంతా కప్పే హెల్మెట్, మోకాలి, మోచేతి రక్షణ తొడుగులు, చేతి తొడుగులు లేకుండా లిఫ్ట్ ఎక్కకూడదన్నది అక్కడి రైడర్లలో నలిగిన మాట.

అమెరికాలో ఉన్న మనవారు విస్లర్ ప్రయాణం పెట్టుకునేటప్పుడు సైకిళ్ళకంటే ముందు చూసుకోవలసింది పాస్‌పోర్టు. భారత పాస్‌పోర్టుతో హెచ్-1బి వీసాపై ఉన్నవారికి కెనడా సందర్శక వీసా అవసరం. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఆ వీసా అక్కర్లేదు, కార్డు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు వెంట ఉండాలి. ఆరోగ్య బీమా సరిహద్దు అవతల వర్తిస్తుందా, ప్రయాణ బీమా తీసుకుంటే అందులో సాహస క్రీడలకు మినహాయింపు ఉందా అన్నవి కూడా ముందే చదువుకోవలసిన షరతులు. బీమా పత్రంలో మౌంటెన్ బైకింగ్ అన్న మాట ఉండి, ‘డౌన్‌హిల్’ మాత్రం మినహాయించినవి కూడా ఉంటాయి.

లిఫ్ట్ లేని పార్కు: డథీ హిల్

లిఫ్టు ఉంటేనే పార్కు అనుకోవడం పొరపాటు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఇసాక్వా, సమామిష్ పట్టణాల సమీపంలో డథీ హిల్ పార్కు ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కారణంగా తెలుగువారు గణనీయంగా స్థిరపడిన ప్రాంతమిది. సుమారు 120 ఎకరాల అడవిలో కింగ్ కౌంటీ పార్కుల విభాగం, ఎవర్‌గ్రీన్ మౌంటెన్ బైక్ అలయన్స్ స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి దీన్ని తీర్చిదిద్దారు. 2010 నుంచి అందుబాటులో ఉంది. ప్రవేశ రుసుము లేదు.

విస్లర్ పక్కన పెడితే డథీ హిల్ చిన్న గుట్ట. అయినా జంపులు నేర్చుకునేవారికి, నేర్పేవారికి ఇది ఎంతో అనువైనది. కారణం దాని అమరిక. పార్కు నడుమ ఒక విశాలమైన ఖాళీ స్థలం ఉంది. పలు బాటలు అక్కడి నుంచి మొదలవుతాయి లేదా అక్కడికి చేరుకుంటాయి. చిన్నపిల్లల బాటలో వెళ్ళినవారూ, జంపుల బాటలో వెళ్ళినవారూ కొన్ని నిమిషాల్లో మళ్ళీ ఎదురుపడతారు. బాటలు పొట్టివి కావడం వల్ల ఒకే దిబ్బను గంటలో పదిసార్లు ప్రయత్నించవచ్చు. జంప్ నేర్చుకోవడంలో ఈ పునరావృతి అన్నిటికంటే ముఖ్యం. పెద్ద కొండపై ఇరవై నిమిషాలకొకసారి ఎదురయ్యే దిబ్బ కంటే, ఐదు నిమిషాలకొకసారి ఎదురయ్యే దిబ్బ త్వరగా నేర్పుతుంది.

బోస్టన్ వైపు ఉన్నవారికి న్యూహాంప్‌షైర్‌లోని హైలాండ్ మౌంటెన్ బైక్ పార్కు మరో తరహా ఉదాహరణ. మూతపడిన స్కీ కేంద్రాన్ని సైకిళ్ళకే అంకితం చేసి 2006లో తెరిచారు. శీతాకాలపు స్కీయర్లను దృష్టిలో పెట్టుకోవలసిన అవసరం లేకపోవడంతో బాటల రూపకల్పన అంతా సైకిల్ చుట్టూనే తిరిగింది. కొత్తవారికి సైకిల్ అద్దె, రక్షణ పరికరాలు, శిక్షణ కలిపి ఇచ్చే ఏర్పాటు ఉంది. సత్తా ఉన్నవారు కొండ మీదికి వెళ్ళినప్పుడు కొత్తవారు శిక్షకుడి చేతిలో ఉంటారు. బృందంలో ఎవరూ మరొకరికి గురువు కానక్కరలేదు. బంధువులు బంధువులకు జంప్ నేర్పడం కారు నడపడం నేర్పడం వంటిదే, సాధ్యమైతే తప్పించుకోవడం ఉభయులకూ మంచిది.

వేల్స్‌లో రెండు పార్కులు, రెండు స్వభావాలు

బ్రిటన్‌లోని వేల్స్ ఈ ఎంపికను అర్థం చేసుకోవడానికి చక్కని పాఠం. ఒకప్పటి ఇనుము, బొగ్గు పట్టణం మెర్థర్ టిడ్‌ఫిల్ పైనున్న అడవిలో 2013లో బైక్‌పార్క్ వేల్స్ ప్రారంభమైంది. కార్డిఫ్ నుంచి గంటలోపు ప్రయాణం. పైకి తీసుకుపోవడానికి ట్రైలర్లు తగిలించిన వ్యాన్లు తిరుగుతాయి. వాటిలో చోటు ముందుగా బుక్ చేసుకోవాలి, వారాంతాల్లో దొరకడం కష్టం. ‘కెర్మిట్’ అనే ఆకుపచ్చ బాట కొండపై నుంచి కిందిదాకా కొత్తవారిని దించుతుంది. నీలం బాటల్లో ఒకదాని పేరు ‘పోప్టీ పింగ్’. వెల్ష్ భాషలో మైక్రోవేవ్‌కు జనం సరదాగా పెట్టుకున్న పేరిది. జంపుల మీద మనసున్నవారికి ‘ఎ470 లైన్’ ఉంది. ఎరుపు స్థాయి, టేబుల్‌టాప్‌ల వరుస. వేల్స్‌ను దక్షిణం నుంచి ఉత్తరానికి కలిపే రహదారి పేరే దానికి పెట్టారు. కొత్తవారు, మధ్యస్థులు, నేర్పరులు ఒకే వ్యానులో పైకి వెళ్ళి వేర్వేరు బాటల్లో దిగగలగడం ఈ పార్కు బలం.

అదే వేల్స్‌లో, మహన్‌లెథ్ సమీపంలో డవీ బైక్ పార్కు ఉంది. డౌన్‌హిల్ రేసింగ్‌లో ప్రపంచ ప్రసిద్ధులైన డాన్, జీ, రేచల్ ఆథర్టన్ తోబుట్టువుల పేరుతో ముడిపడిన పార్కు ఇది. 2019లో తెరిచారు. ఇది ప్రధానంగా అనుభవజ్ఞులను ఉద్దేశించి నిటారు వాలులతో, పెద్ద జంపులతో నిర్మించినది. గొప్ప పార్కే, సందేహం లేదు. పైన చెప్పిన పదహారేళ్ళ కుర్రవాడు దాని కోసం తహతహలాడతాడు. కాని ఆ నలుగురి బృందానికి అది తగిన చోటు కాదు. తండ్రికి అక్కడ చేయడానికి ఏమీ ఉండదు. మధ్యస్థాయి బావకు అంతకంటే ప్రమాదం, ఎందుకంటే ఆయన ప్రయత్నిస్తారు.

ఈ చివరి మాట కొంచెం వివరించాలి. కలగలుపు బృందాల్లో గాయపడే అవకాశం ఎవరికి ఎక్కువన్న ప్రశ్నకు చాలామంది కొత్తవారి పేరు చెబుతారు. కొత్తవారు భయంతో నెమ్మదిగా వెళ్తారు, దిగి నడుస్తారు. అందరికంటే నేర్పరి తనకు తెలిసిన జంపులే చేస్తాడు. నడుమనున్నవారు మాత్రం ఇటు వెనకబడటానికి ఇష్టపడరు, అటు ముందున్నవారిని అందుకోలేరు. ‘బావా, నా వెనకాలే రా, నా వేగమే పట్టుకో’ అన్న ఆహ్వానం వారికే అందుతుంది. ముందున్నవాడి వేగాన్ని అనుసరించి జంప్ చేయడం నిజంగానే రైడర్లు వాడే పద్ధతి. దాదాపు సమాన నైపుణ్యం ఉన్న ఇద్దరి మధ్య అది పనిచేస్తుంది. వేగం ఒకటే అయినా, అంచు దగ్గర శరీరాన్ని ఎలా కదిలించాలో తెలియనివాడికి ఆ వేగమే శత్రువు. పార్కు ఎంచుకునేటప్పుడు బృందంలోని మధ్యస్థుణ్ణి దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలనడానికి కారణం ఇదే. అతనికి కనీసం మూడు నాలుగు బాటలు, వాటిలో దొర్లించుకుపోగల జంపులు, వద్దనుకుంటే తప్పుకునే పక్క బాటలు ఉండాలి.

పటం చదవడం

పార్కుల వెబ్‌సైట్లలో బాటల పటం ఉంటుంది. దాన్ని చూసేటప్పుడు మొత్తం బాటల సంఖ్యతో పని లేదు. నీలం, దాని పై స్థాయి బాటల్లో జంపులున్నవి ఎన్ని అని లెక్కించాలి. వాటిలో ఒకటే ఉంటే మధ్యస్థులు రోజంతా దానిమీదే తిరగాలి. తర్వాత, అవన్నీ ఒకే లిఫ్ట్ కింద ఉన్నాయా, లేక కొండకు రెండు వైపులా ఉన్నాయా చూడాలి. బాటల వర్ణనలో ‘అన్ని జంపులూ దొర్లించవచ్చు’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే అది మేలైన సంకేతం. ‘తప్పనిసరి గ్యాప్’ అన్న మాట కనిపిస్తే ఆ బాటను బృందంలో ఒక్కరి ఖాతాలో మాత్రమే వేసుకోవాలి.

రైడర్లు హెల్మెట్‌కు కెమెరా తగిలించుకుని తీసిన వీడియోలు దాదాపు ప్రతి పేరున్న బాటకూ దొరుకుతాయి. బాట క్రమం తెలుసుకోవడానికి అవి పనికివస్తాయి, వాలు తెలుసుకోవడానికి పనికిరావు. వెడల్పు కోణపు లెన్సులు కొండను చదును చేసి చూపిస్తాయి. తెరపై చిన్నగా కనిపించిన దిబ్బ పక్కన నిలబడితే భుజం ఎత్తు ఉండవచ్చు.

సైకిల్ రకం కూడా ఎంపికలో భాగమే. డౌన్‌హిల్ సైకిళ్ళలో సస్పెన్షన్ కదలిక సుమారు 200 మిల్లీమీటర్లు ఉంటుంది. సాధారణ ట్రెయిల్ సైకిళ్ళలో అంతకంటే బాగా తక్కువ. లిఫ్ట్ ఉన్న పార్కుల్లో డౌన్‌హిల్ సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి. డథీ హిల్ వంటి చోట వాటిని తొక్కుకుంటూ పైకి ఎక్కడం శ్రమ. ఇంట్లో వాడే సైకిల్‌తో వెళ్ళేవారు బ్రేకుల మందం, టైర్ల స్థితి ముందురోజే చూపించుకోవడం మేలు.

పార్కుకు చేరాక పాటించవలసిన క్రమం ఉత్తర అమెరికా పార్కుల్లో బోర్డుల మీదే కనిపిస్తుంది. మొదటిసారి నెమ్మదిగా, ఎగరకుండా, ప్రతి దిబ్బనూ చూస్తూ వెళ్ళాలి. రెండోసారి అదే బాటలో కొంత వేగంతో వెళ్ళాలి. ఆ తర్వాతే స్వేచ్ఛగా ఎగరాలి. నేర్పరి అయిన కుర్రవాడికి కూడా ఇదే వర్తిస్తుంది. వానకు కోసుకుపోయిన అంచు, కొత్తగా మార్చిన దిగుడు వాలు నిన్నటి జ్ఞాపకంలో ఉండవు. దిబ్బను పరిశీలించడానికి ఆగవలసి వస్తే బాటకు పక్కన, పైనుంచి వచ్చేవారికి కనిపించే చోట నిలబడాలి. దిగే వాలు వెనుక ఎన్నడూ నిలబడకూడదు, ఎగిరినవారికి అక్కడ మనిషి ఉన్నదీ లేనిదీ గాలిలోకి లేచేదాకా తెలియదు.

మధ్యాహ్నం మూడు తర్వాత చేతులు అలసిపోతాయి. కాళ్ళ అలసట తెలుస్తుంది, చేతుల అలసట బ్రేకు పట్టలేకపోయినప్పుడే తెలుస్తుంది. ఆ వేళకు బృందమంతా ఒక స్థాయి కింది బాటలకు మారడం ముందే ఒప్పుకుని ఉంటే, ఎవరూ ఎవరికీ నచ్చజెప్పవలసిన పని ఉండదు.

స్వదేశంలో

మన దేశంలో మౌంటెన్ బైకింగ్ ప్రధానంగా హిమాలయ దారుల్లో దూర ప్రయాణాల రూపంలోనూ, క్రాస్‌కంట్రీ పోటీల రూపంలోనూ పెరిగింది. 2023 అక్టోబరులో కేరళలోని పొన్ముడి ఆసియా మౌంటెన్ బైక్ పోటీలకు ఆతిథ్యమిచ్చింది. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నది క్రాస్‌కంట్రీయే, డౌన్‌హిల్‌కు అక్కడ స్థానం లేదు. క్రాస్‌కంట్రీలో ఎక్కడమూ దిగడమూ రెండూ ఉంటాయి, గెలుపులో ఊపిరిబలానిది పెద్ద పాత్ర. ఆ క్రీడలో ఆరితేరినవారు విదేశాల్లో బైక్ పార్కుకు వెళ్ళినప్పుడు మలుపులు, రాళ్ళ దారులు త్వరగా పట్టుబడతాయి. జంపుల దగ్గర మాత్రం తమను కొత్తవారిగానే లెక్కించుకుని ఆకుపచ్చ, నీలం బాటలతో మొదలుపెట్టడం మంచిది.

భారతదేశం నుంచో బ్రిటన్ నుంచో వెళ్ళి అమెరికా, కెనడాల్లో సైకిల్ అద్దెకు తీసుకునేవారు మరొకటి గమనించాలి. మన దగ్గర, బ్రిటన్‌లో ముందు చక్రపు బ్రేకు కుడిచేతి వైపు ఉంటుంది. ఉత్తర అమెరికాలో అది ఎడమచేతి వైపు. వెనుక బ్రేకు అనుకుని ఎడమ మీటను గట్టిగా నొక్కితే ముందు చక్రం ఆగిపోతుంది, వాలులో దాని ఫలితం వెంటనే తెలుస్తుంది. అద్దె దుకాణంలో అడిగితే మీటలు మార్చి ఇచ్చేవారుంటారు. మార్చకపోతే లిఫ్ట్ ఎక్కకముందు, చదునైన మైదానంలో పది నిమిషాలు బ్రేకులు వేస్తూ తిరగడం అవసరం.